సొనపుల్ల

పద్మ టీచరుకి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ బడిలో అటెండరు నుంచి హెడ్మాస్టరు దాకా అందరికీ తెలుసు. ఏడో తరగతి బి సెక్షనుకి కూడా తెలుసు, కానీ వాళ్ళు లెక్కచెయ్యలేదు. ఆవిడ బోర్డు వైపు తిరిగి సుద్దముక్క ఆనించడమే ఆలస్యం, వెనకనుంచి ఒక మూలుగు బయల్దేరేది. నోరు మూసుకుని తీసే మూలుగు కాబట్టి ఎవరిదో పట్టుకోవడం బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు. ఒక బెంచీలో మొదలై పక్క బెంచీకి, అక్కణ్ణుంచి ఆడపిల్లల వైపుకి పాకి, గదంతా తేనెపట్టులా ఝుమ్మనేది. ఆవిడ వెనక్కి తిరిగేసరికి తలలన్నీ పుస్తకాల్లో ఉండేవి. ఆ పుస్తకాల్లో కొన్ని తలకిందులుగా ఉండేవి.

మళ్ళీ బోర్డు వైపు తిరిగితే ఈసారి మూలుగు కాదు, కేక. తోటల్లో కోతుల్ని తోలడానికి వేసే ‘హోయ్’ కేక. అది మాత్రం ఎవరిదో అందరికీ తెలుసు. పోతురాజుది. వాడి తండ్రి మల్లయ్య మామిడితోటల్లో కాయకోతకి పోతాడు. కొడుకు తెల్లారకముందే తోటలో కోతుల్ని తోలి, బడికొచ్చి, బడి వదలగానే మళ్ళీ షెడ్డులో కాయలు ఏరడానికి పోతాడు. తోటలో పనికొచ్చిన గొంతుని బడి గుమ్మం దగ్గర విప్పి రమ్మంటే వాడెక్కడ విప్పుతాడు?

ఆ ఊరు నూజివీడు నుంచి చాట్రాయి పోయే దారిలో ఉంది. ఉగాది వెళ్ళింది, ఒంటిపూట బడులు మొదలయ్యాయి, ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలకి హాల్ టికెట్లు కూడా వచ్చేశాయి. సాంఘికశాస్త్రంలో మాత్రం పాఠాలు ఇంకా మిగిలే ఉన్నాయి. పద్మ అరిచింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి చివరికి మాట పెగలకుండా అయింది. నూజివీడులో డాక్టరు కొన్నాళ్ళపాటు గట్టిగా మాట్లాడొద్దన్నాడు. ఏడో తరగతి బి సెక్షనుకి పాఠం చెప్పేదాన్ని గట్టిగా మాట్లాడొద్దంటే ఎలాగని ఆవిడ ఆ డాక్టరు మీద కూడా మండిపడింది, కానీ గొంతు లేక అది ఆయనకి వినపడలేదు.

హెడ్మాస్టరు శేషగిరిరావుగారి దగ్గర ఏ రోగానికైనా ఒకటే మందు. బెత్తం పుచ్చుకోమ్మా అన్నారు. పద్మ పుచ్చుకోలేదు. తను చదువుకునే రోజుల్లో తిన్న దెబ్బలు ఆవిడకి ఇంకా గుర్తే. స్టాఫ్‌రూములో అందరూ వింటుండగా, ఉన్న ఆ కాస్త గొంతుతోనే తెగేసి చెప్పింది.

“పిల్లల్ని హింసపెట్టి పని చేయించుకోడానికి నేనేమన్నా తోటలో మేస్త్రీనాండీ? టీచర్ని.”

అన్నది బాగానే అంది గానీ, ఆవిడ మామగారి వ్యాపారమంతా మేస్త్రీల మీదే నడుస్తుంది. రాఘవయ్యగారు నూజివీడులో పేరున్న మామిడి వ్యాపారి. ఆ ఊరి చుట్టూ ఉన్న తోటల్ని పూత మీదే వేలంలో పాడుకుంటారు. బడికి రెండు గదులు కట్టించి, గుమ్మం మీద చలవరాయి మీద పేరు చెక్కించుకున్నారు. స్కూలు కమిటీకి ప్రెసిడెంటు కూడా ఆయనే. కోడలు రోజూ బస్సులో వచ్చి ఆ గదుల్లో ఒకదాంట్లోనే పాఠం చెబుతుంది.

బెత్తం వద్దనుకుంది, గొంతు పోయింది. ఇక మిగిలింది ప్రతి బడిపంతులికీ తెలిసిన పాత చిట్కా. క్లాసులో ఎవడు ఎక్కువ అల్లరి చేస్తాడో వాణ్ణే లీడర్ని చెయ్యడం. దొంగ చేతికి తాళాలివ్వడమేనని పక్క సెక్షను టీచరు నవ్వింది. నవ్వితే నవ్వనిమ్మని పద్మ ఆ రోజే పోతురాజుని ముందుకి పిలిచి, వాడి చొక్కాకి పిన్నీసుతో ఒక ఎర్ర గుడ్డముక్క గుచ్చింది.

“ఈ రోజునుంచి నువ్వే లీడరు. ఎవర్నీ కొట్టకూడదు. ఎవరి మీదా అరవకూడదు. నేను బోర్డు వైపు తిరిగితే మాత్రం నాకు చప్పుడు వినపడకూడదు. ఎలా చేస్తావో నీ ఇష్టం.”

ఈ చివరి మాట మనం గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆవిడ అప్పుడే మర్చిపోయింది.

వారం తిరక్కుండా మూలుగు తగ్గింది. ఆ తర్వాత ఆగిపోయింది. చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. పద్మ వెనక్కి తిరగకుండా బోర్డు నిండా రాసేది, చెరిపి మళ్ళీ రాసేది. మిగిలిన పాఠాలు గుర్రబ్బండి మీద పోయినట్టు పోయాయి. శేషగిరిరావుగారు వరండాలో నడుస్తూ ఆ గది ముందు ఆగి, పిల్లలు లేరేమోనని లోపలికి తొంగిచూసి, ఉన్నారని తెలిసి ఆశ్చర్యపోయారు. బెత్తం లేకుండా ఎలా సాధించావమ్మా అని అడిగితే, పిల్లల మీద నమ్మకం ఉంచాలండీ అని పద్మ జవాబు చెప్పింది. ఆ జవాబు ఆవిడకి ఎంత నచ్చిందంటే, ఇంటికెళ్ళి మొగుడికి కూడా ఒకసారి చెప్పింది.

ఆ రోజుల్లోనే పిల్లల చేతుల మీద నల్లమచ్చలు కనిపించాయి. కొందరికి పెదవి మూల, ఒకరిద్దరికి మెడ మీద. ఆవిడకేం అనుమానం రాలేదు, ఆ ఊళ్ళో ఎవరికీ రాదు. కాయ తొడిమ తుంచగానే చిమ్మే సొన ఒంటి మీద పడితే మండుతుంది, మర్నాటికి పొక్కుతుంది, ఆపైన నల్లగా మాడుతుంది. మామిళ్ళ కాలంలో ఆ తట్టున సొనమచ్చ లేని పిల్ల కనిపిస్తేనే వింత. పద్మకి అందులో కొంచెం సరదా కూడా తోచింది. పెదవి కాలిన సరోజ అనే పిల్లని నిలబెట్టి, ఏమ్మా, ఎవరి తోటలో కాయ కొరికావు, కడుక్కుని తినాలని తెలీదా అని ఆటపట్టించింది. సరోజ తల దించుకుంది. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. ఎంత క్రమశిక్షణ వచ్చింది వీళ్ళకని పద్మ మురిసిపోయింది.

అలా మురిసిపోతూనే ఉండేది, విజయలక్ష్మి కన్ను వాయకపోతే.

విజయలక్ష్మి అదే క్లాసు పిల్ల, ఎరువుల కొట్టు వాళ్ళ అమ్మాయి. ఎండ తగిలితే కందిపోతుందని తల్లి ఆ పిల్లని బడికి తప్ప గడప దాటనివ్వదు. మామిడిపండు తిన్నా కోసి గిన్నెలో వేసి ఇస్తే తినే పిల్ల. ఒక రోజు పొద్దున్న తండ్రి స్కూటరు మీద తీసుకొచ్చి పద్మ ముందు నిలబెట్టాడు. కుడికన్ను రెప్ప వాచి మూసుకుపోయింది. కుడిచేతి వెనక పక్క పొక్కు. సొన అన్నాడు డాక్టరు, చూపుకేం భయం లేదు, ఇంకాస్త లోపలికి పోయుంటే చెప్పలేమన్నాడు. ఏనాడూ తోటకి వెళ్ళని పిల్లకి సొన ఎక్కడ పడిందని తండ్రి అడిగాడు.

 పద్మ చూపు ఆ పిల్ల చేతి మీది పొక్కు నుంచి, ముందు బెంచీలో కూచున్న పిల్లల చేతుల మీదికి పోయింది. అందరికీ అదే చోట. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యన, కందిగింజంత. కాయ కోసేటప్పుడు చిమ్మే సొన ఇంతమందికి ఒకే చోట పడదు. ఇన్నాళ్ళూ ఇది కళ్ళముందే ఉంది. కూలివాళ్ళ పిల్లల ఒంటి మీద ఉన్నంతకాలం అది సీజను, కొట్టువాళ్ళ పిల్ల ఒంటి మీదికి వచ్చేసరికి గాయమైంది. ఆ ఆలోచన తట్టగానే ఆవిడకి ఒళ్ళంతా మంట పుట్టింది.

ఎవరు చేశారని అడిగితే క్లాసు పలకలేదు. నేర్పిన చదువు ఎక్కడికి పోతుంది? చివరికి సరోజ లేచి, లీడరు సంచీ చూడండి టీచర్ అంది. సంచీలో ఇంకుబుడ్డి ఉంది. దాన్నిండా ఇంకు కాదు, జిగటగా పచ్చటి సొన. మూతకి చిన్న బెజ్జం, బెజ్జంలో చీపురుపుల్ల.

పద్మ చెయ్యెత్తి పోతురాజు చెంప మీద లాగి కొట్టింది. బెత్తం పట్టనన్న మనిషి. ఆ దెబ్బ చప్పుడికి గది ఉలిక్కిపడింది, కానీ వాడు ఉలిక్కిపడలేదు. చెంప కూడా తడుముకోకుండా, లెక్క తప్పని చెబితే ఎక్కడ తప్పిందో చూసుకునే పిల్లాడిలా నిలబడ్డాడు.

“కొట్టొద్దన్నారు గదండీ, అరవొద్దన్నారు. చప్పుడు మటుకు వినపడకూడదన్నారు. కొట్టకుండా అరవకుండా అంటే నాకు తెలిసింది ఇదొక్కటేనండీ. మాట్లాడితే చేతికి, కాయ కొరికితే పెదవికి, ఎదురుచెబితే మెడకి. విజయలక్ష్మికి చేతికే పెట్టానండీ. ఆ అమ్మాయికి తెలీక కన్ను నులుముకుంది.”

“ఎవడు నేర్పాడ్రా నీకిది?”

“మీ మావగారి షెడ్డులోనండీ,” అని వాడు చొక్కా కాలరు కిందికి లాగి చూపించాడు. మెడ చుట్టూ పాత మచ్చల మీద కొత్త మచ్చలు.

ఆ రోజు మధ్యాహ్నం బడి వదిలాక పద్మ బస్సెక్కలేదు. ఎండలో నడుచుకుంటూ షెడ్డుకి వెళ్ళింది. కాపురానికొచ్చి ఇన్నేళ్ళైనా షెడ్డు గడప తొక్కడం అదే మొదలు. ఆ ఇంటి ఆడవాళ్ళు షెడ్డుకి రారు. వరిగడ్డి మీద కాయలు రాశులు పోసి ఉన్నాయి. రాశుల మధ్య పిల్లలు వరసగా కూచుని చిన్నకాయ, పెద్దకాయ, మచ్చకాయ విడదీస్తున్నారు. అందులో తన క్లాసు ముఖాలే ఎన్నో ఉన్నాయి. ఒక్క మాట లేదు, కాయ మీద కాయ పెట్టే చప్పుడు కూడా లేదు. ఆ నిశ్శబ్దాన్ని ఆవిడ ఠక్కున గుర్తుపట్టింది. హెడ్మాస్టరు ముందు తను గొప్పలు చెప్పుకున్నది దీన్నే.

మేస్త్రీ బసవపున్నారావు కుర్చీలోంచి లేచి, కాయలేమన్నా పంపమంటారా అమ్మా అని మర్యాదగా అడిగాడు. కుర్చీ పక్కన కొబ్బరినూనె సీసా ఉంది. దాంట్లో సొన, సొనలో వేపపుల్ల. ఇదేంటని అడిగితే అతను దాచలేదు, దాచాల్సిందేదో అందులో ఉందని అతనికి తోచనే లేదు.

“పిల్లకాయలు గదండీ, ఊరికే కబుర్లాడతారు. కొడితే తల్లులు గొడవకొస్తారు. ఇదైతే ఎవరికీ తెలీదు. సీజన్లో మామూలేగా.”

పద్మ ఆ సీసా తీసుకుని సంచీలో పెట్టుకుంది. అమ్మగారు పట్టుకుపోతుంటే అతనేమంటాడు, చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం ఇంట్లో రాఘవయ్యగారు భోజనం చేస్తున్నంతసేపూ ఆవిడ ఆగింది. చెయ్యి కడుక్కోగానే అడిగేసింది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే ఆవిడకి కొంచెం సుఖంగా ఉండేదేమో. సొన తమకీ కాలిందని, దానికి ఎవరూ చావలేదని చెప్పి, రేపు కమిటీ మీటింగు పెట్టించానన్నారు. ఎరువుల కొట్టాయన మండిపడుతున్నాడట, ఆ కుర్రాడి చేతికి టీసీ ఇచ్చి పంపేస్తే గొడవ సద్దుమణుగుతుందట. షెడ్డు ఊసు బడిలో ఎత్తొద్దని కూడా చెప్పారు.

పరీక్షల ముందు టీసీ ఇస్తే వాడు ఏడు తప్పినట్టేనని పద్మ అంది. తప్పితే మళ్ళీ బడి మొహం చూడడు, బతుకంతా ఆ షెడ్డులోనే కూచుంటాడంది.

“కూచోనీ. షెడ్డుకీ మనుషులు కావాలి,” అన్నారాయన. కోడలి ముఖం చూసి, ఈసారి నెమ్మదిగా అన్నారు. “మేస్త్రీ ఎలా చేయిస్తాడో నేను అడగను పద్మా. లోడు పొద్దుగూకేలోగా హనుమాన్ జంక్షన్ దాటిందా లేదా, అంతే అడుగుతాను. నువ్వు మటుకు నీ లీడర్ని అడిగావా?”

 పద్మ ఆయన మీద కోపంతో లేచి వంటింట్లోకి వెళ్ళింది, వెళ్ళాక ఆ కోపం తిరిగి తిరిగి తన మీదికే వచ్చింది. పొద్దున పోతురాజుని కొట్టిన అరచెయ్యి ఇంకా చురుక్కుమంటున్నట్టే ఉంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదేనని తెలిసినా, తెలియడం వల్ల ఆ దుత్తకి ఒరిగేదేముంది?

మర్నాడు హెడ్మాస్టరు గదిలో టీసీల పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. శేషగిరిరావుగారు కలం మూత తీసి పట్టుకున్నారు. రాఘవయ్యగారు పెద్ద కుర్చీలో, ఎరువుల కొట్టాయన ఆ పక్కన కూచున్నారు. పోతురాజు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మల్లయ్య లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే తలగుడ్డ చేతిలో నలుపుకుంటున్నాడు. ఏడు పాసైతే ఎక్కడన్నా అటెండరు పనికి పెడతాను బాబూ, ఈ ఒక్కసారికీ పరీక్ష రాయనివ్వండని అప్పటికే అందరి కాళ్ళూ పట్టుకున్నాడు. బల్ల మీద ఇంకుబుడ్డి సాక్ష్యంగా ఉంది.

కంటికి కట్టు కట్టుకుని ఇంట్లో పడుకున్న కూతురు గురించి ఎరువుల కొట్టాయన చెప్పుకొచ్చాడు. అది నిజమైన బాధే, దాన్ని కాదనేవాళ్ళు ఎవరూ లేరు. రాఘవయ్యగారు తలాడించారు.

“పసివాళ్ళ ఒంట్లో ఇంత రాక్షసత్వం ఎక్కడ పుడుతుందో ఏమో. ఇలాంటివాణ్ణి బళ్ళో ఉంచితే మిగతా పిల్లలు పాడైపోతారు. రాసెయ్యండి మాస్టారూ.”

పద్మ సంచీలోంచి కొబ్బరినూనె సీసా తీసి ఇంకుబుడ్డి పక్కన పెట్టింది.

“చిన్నబుడ్డికి టీసీ రాస్తున్నారు బాగానే ఉంది. ఈ పెద్దసీసాకి ఎవరి పేరు రాస్తారండీ? ఇది మా మావయ్యగారి షెడ్డులోది. మన ఏడో తరగతి సగం అక్కడే చదువుతోంది.”

 రాఘవయ్యగారు చిన్నగా నవ్వి, అమ్మాయికి పిల్లలంటే జాలి ఎక్కువ, సీజన్లో సొన పడటం మామూలే, దాన్ని పట్టుకుని పెద్ద చేస్తోందని కొట్టాయనతో అన్నారు.

“మామూలే,” అంది పద్మ. పుల్ల పైకి తీసింది. కొసన సొన చుక్క కట్టి ఉంది. “చప్పుడు వినపడకూడదు, ఎలా చేస్తావో నీ ఇష్టమని వీడికి చెప్పింది నేను. అందుకని ముందు నాకు.”

ఎడమచేతి వెనక, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పుల్ల ఆనించి, చుక్క ఇంకేదాకా ఉంచింది. మంటకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెయ్యి మాత్రం తియ్యలేదు. శేషగిరిరావుగారు అమ్మా అమ్మా అంటూ కుర్చీలోంచి సగం లేచారు. పద్మ పుల్లని మళ్ళీ సీసాలో ముంచి, మామగారి వైపు తిరిగింది.

“ఇప్పుడు మీ చెయ్యి ఇవ్వండి మావయ్యగారూ.”

కుర్చీ చేతి మీద తీరిగ్గా పరిచి ఉన్న రాఘవయ్యగారి చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. పోయి కండువాలో దూరింది.

“ఎందుకు తీసుకున్నారు? మామూలేగా.”

 మేస్త్రీలకి కేకలేసి, లారీవాళ్ళని అదిలించి, వేలంపాటలో పదిమంది వ్యాపారుల నోళ్ళు మూయించే మనిషికి ఒక్క మాట రాలేదు. ఎరువుల కొట్టాయన ఆ కండువా వైపు చూశాడు, తర్వాత గోడ దగ్గరున్న కుర్రాడి మెడ వైపు చూశాడు. టీసీ సంగతి పరీక్షలయ్యాక చూద్దాం లెండి మాస్టారూ అన్నాడు. పరీక్షలయ్యాక ఎవరూ ఏమీ చూడరని ఆ గదిలో అందరికీ తెలుసు. శేషగిరిరావుగారు కలానికి మూత పెట్టి పుస్తకం మూశారు. గుమ్మం దగ్గర మల్లయ్య ఏం జరిగిందో అర్థంకాక కొడుకు ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

ఆ పూట నుంచి రాఘవయ్యగారు కోడలితో మాట్లాడటం మానేశారు. షెడ్డులో సీసా మాయమైంది. దాని బదులు ఇంకేం వచ్చిందో చూడటానికి పద్మ రోజు విడిచి రోజు బడి వదిలాక షెడ్డు మీదుగా నడిచి వెళ్ళేది. ఆవిడ వస్తుంటే బసవపున్నారావు ముఖం మాడ్చుకునేవాడు. మాడ్చుకోనిమ్మని ఆవిడ గుమ్మంలో ఇంకాసేపు ఎక్కువగా నిలబడేది.

మీటింగు జరిగిన మర్నాడు క్లాసులోకి వెళ్ళగానే పద్మ పోతురాజు చొక్కాకున్న ఎర్ర గుడ్డముక్క తీసేసింది. అందరి ముందూ, నిన్ను కొట్టడం నాది తప్పురా అంది. వాడికి ఏమనాలో తెలీక, పర్లేదండీ అన్నాడు. సరోజని లేపి, నిన్ను వెక్కిరించడం కూడా తప్పేనంది. ఇంక లీడరంటూ ఎవరూ లేరని చెప్పి బోర్డు వైపు తిరిగి రాయడం మొదలుపెట్టింది. ఎడమచెయ్యి పొక్కి కట్టులో ఉంది. ఒక వాక్యం రాసింది, రెండోది రాసింది. వెనక చీమ చిటుక్కుమనలేదు.

ఆవిడ సుద్దముక్క బోర్డుకి ఆనించి అలాగే నిలబడింది. యాభైమంది పిల్లలు, బుడ్డి లేదు, పుల్ల లేదు, అయినా శ్వాస కూడా వినపడటం లేదు. సొన మచ్చ రెండు మూడు నెలలకి పోతుంది, ఇది ఎన్నాళ్ళకి పోతుందో. అంత కోపం ఆవిడకి ఎప్పుడూ రాలేదు, మూలుగులకి కూడా రాలేదు.

“ఏంట్రా, నోళ్ళు పడిపోయాయా అందరికీ?” అంది వెనక్కి తిరక్కుండానే. బొంగురు గొంతు చివర్న విరిగింది.

చాలాసేపటికి ఎక్కడో చివరి బెంచీలోంచి, సన్నగా, భయంభయంగా ఒక మూలుగు బయల్దేరింది. పక్క బెంచీవాడు అందుకున్నాడు. అక్కణ్ణుంచి ఆడపిల్లల వైపుకి పాకింది. గదంతా ఝుమ్మన్నాక, పద్మ టీచరు డాక్టరు మాట గాలికొదిలేసి, వెనక్కి తిరిగి, వరండా చివరున్న హెడ్మాస్టరుకి కూడా వినపడేలా వాళ్ళ మీద గట్టిగా అరిచింది.